స్కుకూజా: ఒక అరణ్యపాలకుని జీవితము

ముసాఫిరు అను మాట తెలుగువారికి క్రొత్తది కాదు. బాటసారులు బసచేయు ముసాఫిరుఖానాలు మన పట్టణములందు పలుచోట్ల వెలసినవి. ప్రయాణమను నర్థముగల సఫర్ అను అరబ్బీ పదమే దానికి మూలము. ఆ పదమే అరబ్బు వర్తకుల ఓడల వెంట తూర్పు ఆఫ్రికా తీరము చేరి, స్వాహిలీ భాషలో సఫారి యైనది. అచ్చట మొదట ఏ ప్రయాణమైనను సఫారియే. పిమ్మట ఐరోపా దొరలు తుపాకులు పట్టి సాగించిన వేటయాత్రలకు ఆ పేరు స్థిరపడెను. నేడో, సఫారి యనగా మృగములను చంపుటకు గాక చూచుటకై పోవు యాత్ర. ఒక్క పదము అర్థము ఇట్లు తలక్రిందులగుటకు వెనుక కొందరి జీవితకాలపు శ్రమ యున్నది. దక్షిణాఫ్రికాలో అట్లు శ్రమించినవారిలో మొదట చెప్పదగినవాడు జేమ్స్ స్టీవెన్‌సన్ హామిల్టన్.

నేడు దక్షిణాఫ్రికా చూడబోవు యాత్రికులు వేసికొను ప్రణాళిక తరచుగా ఒకే విధముగ నుండును. మూడు నాలుగు దినములు క్రూగర్ జాతీయ వనమున సింహములను, ఏనుగులను, జిరాఫీలను చూచి, అటుపిమ్మట తూర్పుగా సాగి హిందూమహాసముద్ర తీరమున కొన్నినాళ్లు విశ్రమింతురు. అడవియు, కడలియు ఒకే యాత్రలో ఇమిడియుండు ఈ పద్ధతి నిన్న మొన్న పుట్టినది కాదు. వంద సంవత్సరములకు పూర్వమే ఒక రైలుబండి ఆ త్రోవ నడచినది. ఆ రైలు ప్రయాణికులకు అడవిని చూపిన వాడును హామిల్టనే. ఆ అడవి నిలుచుటకు ఆ రైలే ఒక కారణమైనది.

హామిల్టన్ 1867వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన డబ్లిన్ నగరమున జన్మించెను. వంశము స్కాట్లండుకు చెందినది. లానార్క్‌షైరులోని ఫెయిర్‌హోమ్ ఎస్టేటు వారి పూర్వుల ఆస్తి. తొమ్మండుగురు సంతానములో అతడు జ్యేష్ఠుడు. రగ్బీ పాఠశాలలో చదివి, పిదప సాండ్‌హర్స్ట్ సైనిక విద్యాలయమున శిక్షణ పొంది, 1888లో ఇన్నిస్కిలింగ్ డ్రగూన్ల అశ్వికదళమున ఉద్యోగి యయ్యెను. ఆ యేడే అతని దళము జూలూ దేశమునకు పంపబడెను. ఆఫ్రికా నేలను అతడు తొలుత త్రొక్కినది ఒక సైనికుడుగా. అచ్చటి అడవిని తొలుత చూచినది ఒక వేటగాని కన్నులతో. ఆ కాలపు దొరబిడ్డలందరి వలెనే అతనికిని వేటయనిన మక్కువ మెండు.

1898లో మేజర్ గిబ్బన్స్ అను అన్వేషకుడు జాంబెజీ నదివెంట బరోట్సే దేశమునకు సాగించిన యాత్రలో హామిల్టన్ పాల్గొనెను. నెలల తరబడి పడవలపై, కాలినడకను సాగిన ఆ ప్రయాణమున అతడు పటములు గీయుట, మృగముల నడవడి గమనించి వ్రాసికొనుట అలవరచుకొనెను. దినచర్య వ్రాయు అలవాటు అతనికి తుదివరకును నిలిచినది. వేటగాడు మృగమును క్షణకాలము చూచును. ఆపై దాని కొమ్ముల కొలతను చూచును. హామిల్టన్ మాత్రము తుపాకి దించి, ఆ మృగము ఏమి తినుచున్నది, గాలి ఎటు వీచుచుండగా ఎటు మొగము త్రిప్పినది అని గమనించుటకు క్రమముగా మొదలిడెను. అతడు నాగరిక ప్రపంచమునకు మరలి వచ్చునప్పటికి, 1899లో, ఆంగ్లేయులకును బోయర్లకును మధ్య యుద్ధము చెలరేగెను. ఆ యుద్ధమున సైనికుడుగ పోరాడి, మేజరు పదవి నందెను.

యుద్ధము 1902 మే నెలతో ముగిసెను. ట్రాన్స్‌వాల్ రాజ్యము ఆంగ్లేయుల వశమయ్యెను. ఆ రాజ్యపు తూర్పు సరిహద్దున, మొజాంబిక్ నంటి, లోవెల్డు అను పల్లపు భూమి కలదు. దానికి తూర్పున లెబోంబో కొండలు, పడమట ఎత్తైన ద్రాకెన్స్‌బర్గ్ పర్వతముల అంచు. నడుమ ముండ్లచెట్లు, ఎండుగడ్డి, ఇసుకవాగులు. వానకాలమున మలేరియా విజృంభించును. ఒకప్పుడు ఆ నేలపై కోట్లకొలది మృగములు లేకున్నను, కనుచూపు మేర మందలు తిరుగుచుండెనని వృద్ధులు చెప్పుకొనెడివారు. దంతము కొఱకు, తోళ్ల కొఱకు సాగిన వేట వానిని హరించెను. 1896లో పశువులకు సోకిన రిండర్‌పెస్టు మహామారి అడవిదున్నలను తుడిచిపెట్టెను. మిగిలినవానిని యుద్ధకాలమున సైనికులు ఆహారమునకై కాల్చిరి.

ట్రాన్స్‌వాల్ అధ్యక్షుడు పాల్ క్రూగర్ 1898 మార్చి 26న సాబీ, క్రొకొడైల్ నదుల నడిమి భూమిని రక్షితవనముగ ప్రకటించియుండెను. మరుసటి యేడే యుద్ధము వచ్చుటచే ఆ ప్రకటన కాగితముపైననే నిలిచిపోయెను. యుద్ధానంతరము ఆంగ్ల ప్రభుత్వము ఆ వనమును నిలుపదలచి, దానికొక పాలకుని వెదకెను. స్వదేశీ వ్యవహారముల అధికారియగు సర్ గాడ్‌ఫ్రీ లాగ్డెన్ ఈ పనిని హామిల్టన్‌కు అప్పగించెను. 1902 జూలైలో అతడు బాధ్యత స్వీకరించెను. నియమావళి లేదు, కార్యాలయము లేదు, సిబ్బంది లేదు. వేటగాండ్రకు కంటకప్రాయుడవై యుండుమని చెప్పుట తప్ప, పై అధికారి యిచ్చిన ఉత్తరువు వేరొండు లేదు. హామిల్టన్ సైన్యమునుండి రెండేండ్లకు మాత్రమే సెలవు తీసికొని ఆ పనికి వచ్చెను. నడుమ ప్రపంచయుద్ధ కాలము మినహా, నలుబది నాలుగేండ్లు అతడు దానిని వీడలేదు.

ఎడ్లబండి, కొన్ని గుఱ్ఱములు, కొలదిమంది అనుచరులు. ఇవియే అతని పరివారము. లోవెల్డుకు దిగి నాలుగు దిక్కుల తిరిగి చూచినప్పుడు అతనికి కనబడినది ఇంచుమించు శూన్యమైన అడవి. ఆ ప్రాంతమంతటను నీటిగుఱ్ఱములు 15, జిరాఫీలు 5, అడవిదున్నలు 8 ఉండవచ్చునని ఆనాటి అంచనా. ఏనుగు ఒక్కటియు లేదు. చిన్నజాతి లేళ్లు మాత్రము అచ్చటచ్చట కనబడెడివి. ఇట్టి అడవికి కావలి యెందులకని తోడి సైనికోద్యోగులు నవ్విరి. మృగములు లేని వనమునకు పాలకుడుగా నుండుట, నీరెండిన చెరువునకు గట్టు కాయుట వంటిదని వారికి తోచెను. గట్టు నిలిచినచో నీరు మరల చేరునని హామిల్టన్ నమ్మెను.

సాబీ నదిపై రైలువంతెన కట్టబూని, లంచగొండితనముచే సగములో ఆగిపోయిన సెలాటి రైలుమార్గము ఆ దరిదాపుల నుండెను. అచ్చట యుద్ధకాలపు సైనికుల బురుజు ఒకటి మిగిలియున్నది. ఆ బురుజునే అతడు నివాసముగ చేసికొనెను. సాబీ వంతెన అను పేర ఆ స్థలము వనమునకు ముఖ్యస్థానమయ్యెను. 1903లో ఉత్తరమున షింగ్‌వెడ్జీ నదీప్రాంతము మరియొక రక్షితవనముగ ఏర్పడి, అదియు అతని పాలన క్రిందికి వచ్చెను. రెండు వనముల నడుమనున్న కంపెనీల భూములలోను వేటను నిషేధించుటకు యజమానుల నొప్పించెను. ఇంత విశాలమైన నేలను కాచుటకు అతనికి దొరకినవారు కొలదిమంది తెల్ల రేంజర్లును, వారిక్రింద ఆఫ్రికా జాతులవారగు కావలి భటులును మాత్రమే. నడచి నడచి అడవిని నిజముగ కాచినవారు ఆ భటులే. వారి పేర్లలో చరిత్రపుటల కెక్కినవి బహు స్వల్పము.

రేంజర్లలో హారీ వోల్హూటర్ అనునతడు మిక్కిలి ప్రసిద్ధుడు. 1903 ఆగస్టు మాసమున ఒక సాయంసంధ్యవేళ అతడు గుఱ్ఱముపై వచ్చుచుండగా సింహమొకటి మీద దుమికెను. గుఱ్ఱము బెదరి పారిపోయెను. సింహము అతని కుడిభుజమును నోట కరచి ఈడ్చుకొని పోవుచుండగా, అతడు ఎడమచేతితో మొలనున్న కత్తిని తడవి తీసి, దాని యెదలో పొడిచెను. సింహము విడిచి పోయి, సమీపమున ప్రాణము విడిచెను. రక్తము కారుచుండగనే అతడు ఒక చెట్టెక్కి, స్పృహ తప్పినను క్రిందపడకుండ తన్ను తాను కొమ్మకు కట్టుకొనెను. రెండవ సింహము చెట్టు క్రిందికి రాగా, బుల్ అను అతని కుక్క దానిని అడ్డగించెను. అతని పరివారము వచ్చి అతనిని రక్షించిరి. కొన్ని దినముల ప్రయాణానంతరము బార్బర్టన్ ఆసుపత్రి చేరి, బ్రదికి, మరల అదే ఉద్యోగమునకు వచ్చెను. ఆ కత్తి నేటికిని స్కుకూజాలో ప్రదర్శింపబడుచున్నది.

హామిల్టన్ పొట్టివాడు, ముక్కోపి, పట్టువదలనివాడు. చట్టము పేదవానికొకటి, అధికారికొకటి కారాదని అతని నిశ్చయము. పాలన ఆరంభించిన క్రొత్తలో పోలీసు ఉన్నతోద్యోగులే నిషేధము నతిక్రమించి వనమున వేటాడిరి. తోటి దొరలుగదా యని అతడు ఊరకుండలేదు. సాక్ష్యము కూర్చి న్యాయస్థానమున నిలిపి శిక్ష వేయించెను. దానితో ఈ వనమున ఒక పాలకుడున్నాడని దేశమునకు తెలిసెను.

ఐతే అతని పాలనలో చీకటి పుటయు కలదు. దానిని దాచి అతని జీవితము చెప్పుట సత్యము కాదు. వేట నరికట్టవలెనన్నచో వనమున మనుష్యులు నివసింపరాదని అతడును, ప్రభుత్వమును నిర్ణయించిరి. సాబీ వనమున తరతరములుగ వసించుచున్న త్సోంగా మొదలగు జాతులవారిని, రెండు మూడు వేలమందిని, గుడిసెలు విడిచి వెలుపలికి పొమ్మనిరి. వారికి అడవి యనగా విహారస్థలము కాదు. పొలము, పశువుల మేత, పెద్దల సమాధులు. ఒక లేడిని ఉచ్చుపన్ని పట్టినవాడు అంతవరకు గృహస్థు, నాటినుండి దొంగ. ఊళ్లు ఖాళీచేయించిన ఆ దొరకు వారు స్కుకూజా అని పేరు పెట్టిరి. ఊడ్చివేయువాడని, తలక్రిందులు చేయువాడని దాని అర్థము. ఆ పేరు ప్రశంసయో నిందయో పలికినవారి గొంతును బట్టి యుండెడిది. తరువాతి కాలమున వనము విస్తరించినప్పుడు, పన్ను కట్టుచు పని చేయుచు కొందరు లోపలనే నివసించుటకు అతడు ఒప్పుకొనెను. ఐనను మొదటి గాయము మానలేదు.

మృగముల విషయమున సైతము అతని భావములు ఒక్కసారిగా పండినవి కావు. లేళ్లు పెరుగవలెనన్నచో సింహములు తగ్గవలెనని ఆనాటివారందరి నమ్మకము. అతడును అట్లే తలచెను. తొలి పాతికేండ్లలో అతడును, అతని రేంజర్లును వేయికి పైగా సింహములను చంపిరి. చిఱుతలకు, అడవికుక్కలకు, మొసళ్లకు లెక్కలేదు. కాని దినదినము వ్రాసికొనిన పరిశీలనలు అతనికి వేరొక పాఠమును నేర్పెను. రోగిష్టివి, ముదుసలివి యగు జంతువులను తీసివేసి మందను ఆరోగ్యముగ నిలుపునది సింహమే. ప్రకృతి తన తూకమును తానే సరిచూచుకొనగలదు. మనుజుడు ఆ తక్కెడపై చేయి వేయకున్న చాలును. ఈ నిశ్చయమునకు వచ్చిన పిదప అతడు సింహముల వధను ఆపించుటకు ప్రయత్నించెను. తాను చేసినది పొరపాటని తెలిసినప్పుడు మార్గము మార్చుకొనుట ఎల్లరకును సాధ్యపడు గుణము కాదు.

మృగములు మెల్లమెల్లగా మరలి వచ్చెను. 1905లో ఒలిఫాంట్స్, లెటాబా నదులు కలియు చోటున ఏనుగుల జాడ కనబడెను. మొజాంబిక్ వైపునుండి అవి వచ్చినవి. అరణ్యమునకు శాంతి కలిగినదని వానికి ఎవరు చెప్పిరో! 1912లో అతడు ఆఫ్రికా జంతువులను గూర్చి బృహద్గ్రంథము ప్రకటించెను. ఆ యేడే సెలాటి రైలుమార్గము పూర్తియై, వనముగుండ బండ్లు నడువసాగెను. 1914లో ప్రపంచయుద్ధము రాగా అతడు మరల సైన్యమున చేరి గాలిపోలీ, ఈజిప్టు రంగములలో పనిచేసెను. పిమ్మట సూడానులో పరిపాలనాధికారిగ నుండి, 1920లో తన వనమునకు తిరిగి వచ్చెను.

అతడు లేనికాలమున, 1918లో, ఒక విచారణసంఘము ఈ వనమును జాతీయవనముగ చేయదగునని నివేదించియుండెను. కాని తిరిగివచ్చిన హామిల్టన్‌కు ఎదురైనది వేరు దృశ్యము. గొఱ్ఱెల పెంపకపుదారులు శీతకాలపు మేతకై వనమును కోరుచుండిరి. భూముల కంపెనీలు తమ స్థలములను తమకు విడువుమనుచుండెను. బొగ్గు వెదకువారు, సేద్యమునకు నేల కోరువారు, పశురోగములకు అడవిజంతువులే కారణమని వాదించు వైద్యులు, అందరును ఒక్కుమ్మడి ప్రభుత్వమును చుట్టుముట్టిరి. సింహములకై ఇంత నేల వ్యర్థము చేయుట యేలయని వారి ప్రశ్న. దానికి ధర్మశాస్త్రమున సమాధానము వెదకిన ప్రయోజనము లేదని హామిల్టన్ గ్రహించెను. ప్రజలకు అడవిపై మమకారము కలుగవలెను. కలుగవలెనన్నచో వారు దానిని కన్నులార చూడవలెను. ఏబది యేండ్లు దాటిన ఆ సైనికుడు వనమున కావలి పనితోపాటు ప్రచారకుని పనికిని పూనుకొనెను.

1923లో దక్షిణాఫ్రికా రైల్వేవారు తొమ్మిది దినముల విహారయాత్ర యొకటి ఏర్పాటు చేసిరి. తొమ్మిది దినములలో చుట్టివచ్చుట అను భావముగల పేరు దానికుండెను. పీఠభూమినుండి లోవెల్డు తోటలమీదుగా దిగి, సాగరతీరమున పోర్చుగీసువారి రేవుపట్టణమగు లొరెన్సో మార్క్విస్ చూచుట అందలి ముఖ్యాకర్షణ. నేడు మాపూటో అని పిలువబడు నగరమే అది. దారిలో సెలాటి మార్గమున రక్షితవనమును రాత్రివేళ దాటిపోవునట్లు వారు కాలపట్టిక వ్రాసియుండిరి. అడవిలో చూడదగిన దేమున్నదని వారి యూహ. హామిల్టన్ వారితో సంప్రదించి, బండి పగటివేళ నడచునట్లును, నడుమ ఆగునట్లును, ప్రతిబండిలో ఒక రేంజరు తోడుండునట్లును ఏర్పరచెను. బండి ఆగినచోట యాత్రికులు రేంజరు వెంట కొంతదూరము అడవిలో నడచెడివారు. రాత్రి నెగడు వేసి చుట్టును కూర్చుండి సింహముల కథలు వినెడివారు. చీకటిలో దూరమున నిజమైన గర్జన వినవచ్చినచో వారి యానందమునకు మేర లేదు.

యాత్ర ముగిసిన పిమ్మట ఏది మిక్కిలి నచ్చినదని విచారించి చూడగా, అధికారులు ఆశ్చర్యపడిరి. రేవుపట్టణపు భోజనశాలలు కాదు, సముద్రతీరము కాదు. కిటికీలోనుండి చూచిన జీబ్రాలు, లేళ్లు, నెగడుప్రక్క గడచిన ఆ రాత్రి, ఇవియే జనుల మనసులలో నిలిచెను. అడవి దారిలోని యడ్డంకి కాదు, అదియే గమ్యమని రైల్వేవారు గ్రహించిరి. వారే ప్రచారమునకు నడుముకట్టిరి. స్ట్రాట్‌ఫర్డ్ కాల్డికాట్ అను చిత్రకారుడు 1925లో వనమునకు వచ్చి, దాని యందమునకు ముగ్ధుడై, చిత్రములతోను పత్రికలకు వ్రాసిన లేఖలతోను దేశమును మేల్కొలిపెను.

రాజకీయరంగమునను కాలము కలిసివచ్చెను. భూములమంత్రిగ నుండిన డెనీస్ రైట్స్ మొదట అండగ నిలిచెను. 1924లో ప్రభుత్వము మారినను, క్రొత్త మంత్రి పీట్ గ్రోబ్లర్ ఈ పనిని విడువలేదు. అతడు పాల్ క్రూగర్‌కు బంధువు. వనమునకు క్రూగర్ పేరు పెట్టినచో బోయర్ ప్రజలందరును దానిని తమ సొత్తుగ భావింతురని హామిల్టన్ మున్నగువారు తలచిరి. నిన్నటి యుద్ధమున ఆ క్రూగర్ సేనలతో పోరాడినవాడే నేడు ఆ పేరునకు సంతోషముతో సమ్మతించెను. పేరెవరిదైనను వనము నిలుచుట అతనికి ముఖ్యము. 1926 మే 31న శాసనసభలో చట్టము నెగ్గెను. పశ్చిమమున కొంతభూమి వదలుకొనవలసివచ్చినను, మిగిలినదానిని ఇక సులభముగ ఎవరును కదల్పలేరు.

1927లో తొలుత మూడు మోటారుకార్లు వనము ప్రవేశించెను. 1928లో ఆ సంఖ్య 180 అయ్యెను. 1929లో సుమారు 850. దారులు లేనిచోట దారులు తీయవలసివచ్చెను. 1929 చివరకు ఇంచుమించు 600 కిలోమీటర్ల బాటలు సిద్ధమయ్యెను. వాగులపై వంతెనలు లేవు. రాత్రి విడిదికి గడ్డికప్పు గుండ్రని గుడిసెలు క్రమముగ వెలసెను. మొదటి యాత్రికులు ఎచ్చట చీకటిపడిన అచ్చటనే ముండ్లకంచె వేసికొని పరుండెడివారు. అట్లు చెట్లెక్కి రాత్రి గడపినవారి కథలు పెక్కు కలవు. అనుభవము వెంబడి నియమములు వచ్చెను. ప్రొద్దుక్రుంకకముందే విడిది చేరవలెను, కారు దిగరాదు, వేగముగ నడపరాదు, జంతువులకు తిండి పెట్టరాదు. నేటి యాత్రికుడు ద్వారమువద్ద చదువు నియమములకు మూలము ఆనాటి పాఠములే.

ఎప్పుడు పోవలెనను ప్రశ్నకును ఆనాడే సమాధానము ఏర్పడెను. దక్షిణార్ధగోళమున మన వేసవి వారికి శీతకాలము. మే నుండి సెప్టెంబరు వరకు వానలు లేక గడ్డి యెండి పలుచబడును. మడుగులు ఇంకిపోగా మృగములు మిగిలిన నీటితావులకు దారితీయును. కావున అవి తేలికగా కనబడును. మలేరియా భయమును ఆ నెలలలో తక్కువ. వానకాలమున వనములో పెద్దభాగమును మూసివేయుట ఆ దినములలో వాడుక. నేడు ఏడాది పొడవునను తెరచియున్నను, యాత్ర తలపెట్టువారు ఆ నెలలనే కోరుకొందురు. వెలుగురేకలు విచ్చు వేళను, ప్రొద్దు వాలు వేళను చూడవలెననుటయు, ఒక్క మడుగుచెంత ఓపికతో కాచుకొనుట పదిబాటలు తిరుగుటకంటె మేలనుటయు ఆ కాలపు రేంజర్లు నేర్పిన విద్యయే.

హామిల్టన్ ఊహింపని వింత యొకటి జరిగెను. యాత్రికులు అందరికంటె మిన్నగ చూడగోరినది సింహమును. ఏ మృగమును రూపుమాపవలెనని రైతులు గోలచేసిరో, ఆ మృగమే వనమునకు కాసులు తెచ్చిపెట్టెను. సింహములను చంపవలెనను వాదము క్రమముగ బలహీనపడెను. అతడు సంతోషించెను గాని, జనసమ్మర్దమును చూచి కొంత కలవరపడెను గూడ. వనము వినోదశాల యగునేమో యని అతని భయము. అడవిని తోటవలె దిద్దరాదనియు, అది అడవిగనే యుండవలెననియు ధర్మకర్తల మండలితో అతడు తరచు వాదించుచుండెడివాడు.

1930లో, అరువదిరెండేండ్ల వయసున, హిల్డా చొమ్లీ అను చిత్రకారిణిని అతడు వివాహమాడెను. ఆమె అతనికంటె ముప్పదేండ్లకు పైగా చిన్నది. అడవిలోని ఆ యింట సంతానము కలిగెను. 1936లో సాబీ వంతెన అను నివాసస్థానమునకు స్కుకూజా అని పేరు మార్చిరి. మరుసటి యేడు, 1937లో, తన వనచరిత్రను అతడు గ్రంథముగ ప్రకటించెను. 1946 ఏప్రిల్ 30న పదవీవిరమణ చేసెను. అప్పటికి అతని వయస్సు డెబ్బదియెనిమిది. వనమునకు చేరువనున్న వైట్ రివర్ ప్రాంతమున స్థిరపడి, 1957 డిసెంబరు 10న, తొంబదియవ యేట కన్నుమూసెను. 1979లో హిల్డా మరణించిన పిదప ఇరువురి చితాభస్మమును స్కుకూజా సమీపమున షిరిమంతంగా అను రాతికొండపై చల్లిరి.

అతడు గట్టు వేసిన చెరువు నిండినది. అతని తరువాత 1961లో, ఆ నేల మఱచిపోయిన తెల్ల ఖడ్గమృగమును నాటాల్ నుండి తెచ్చి విడిచిరి. నేడు ఆ వనము 19,000 చదరపు కిలోమీటర్లకు మించినది. ఏటా వచ్చువారు పదిలక్షలకు పైబడుదురు. 2002లో మొజాంబిక్, జింబాబ్వే దేశములతో ఒడంబడిక కుదిరి, సరిహద్దులు దాటిన మహావనమునకు పునాది పడెను. ఏనుగులు పూర్వము వచ్చిన త్రోవనే మరల తూర్పునకు పోగలుగుటకై కంచెలో కొంతభాగమును తొలగించిరి. ఖడ్గమృగముల కొమ్ములకై దొంగవేట మాత్రము నేటికిని ఆగలేదు. కావలివారి పని ముగియలేదు.

మనుష్యుల లెక్కయు చాలకాలము సరిపడలేదు. వనమును దేశప్రజలందరి సొత్తు అనిరి గాని, విడిదులు తెల్లవారికే. నల్లవారికి, భారతీయ సంతతివారికి బాలూలే అను చిన్న విడిది ఒక్కటియే దీర్ఘకాలము గతియైనది. నాటాల్ చెరకుతోటలకు కూలీలుగ వెళ్లినవారి బిడ్డలలో తెలుగువారును కలరు. ఆ వర్ణభేదము వారికిని తగిలినదే. 1969లో ఉత్తరపు కొననున్న మకులేకే ప్రజలను, ఇంచుమించు మూడువేలమందిని, వారి యిండ్లకు వారిచేతనే నిప్పు పెట్టించి వెడలగొట్టిరి. వర్ణవివక్ష అంతరించిన పిమ్మట 1998లో ఆ భూమి వారికి తిరిగి వచ్చెను. వారు దానిని దున్నలేదు, అమ్మలేదు. వనముగనే ఉంచి, యాత్రికులకు విడిదులు నడపించి జీవనము పొందుచున్నారు. అడవిని కాచుటకు అడవిబిడ్డలను వెడలగొట్టనక్కరలేదని వారి నడవడి నిరూపించినది.

నేడు స్కుకూజా యనునది వనములోని మిక్కిలి పెద్ద విడిది. విమానాశ్రయము, గ్రంథాలయము, అంగళ్లు అచ్చట కలవు. ఉదయమున సింహమును చూచి, మరునాడు కడలి చేర ప్రణాళిక వేసికొను యాత్రికుడు ఆ పేరును టిక్కెట్టుపై చదువుకొనును. ఆ పేరులో రెండు తరముల జ్ఞాపకములున్నవి: వేటగాని తుపాకిని ఊడ్చివేసిన చేయి, పేదవాని గుడిసెను ఊడ్చివేసిన చేయి. రెండును ఒకే మనుష్యుని చేతులు. మొదటిదానికి కృతజ్ఞతయు, రెండవదానికి పశ్చాత్తాపమును కలిగియుండుటయే ఆ వనమున అడుగిడువారు అతనికి చెల్లింపదగిన ఋణము.